పెద్దమ్మ చెప్పింది అది కాదు

"మున్సిపల్ విచారణలో నోరు మెదపకు. నీ యాస విని నలుగురూ నవ్వితే పోయేది నా పరువు," అన్నాడు మా ఆయన. అప్పుడు నేను ఆయన చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె నొక్కుతున్నాను.

ఆ మాట నాకు కొత్త కాదు. పెళ్ళయి ఈ నగరానికి వచ్చిన మొదటి వారంలోనే, బస్సులో టిక్కెట్టు అడగబోతే మోచేత్తో పొడిచాడు. అప్పట్నుంచీ దుకాణంలో, ఆసుపత్రిలో, పిల్లల బడిలో ఆయనే మాట్లాడతాడు. నేను సంచీ పట్టుకుని పక్కన నిలబడతాను. "మా కోడలికి నోట్లో నాలుక లేదు," అని అత్తగారు వచ్చినవాళ్ళకల్లా మురిపెంగా చెప్పేది. కానీ నేను పదిహేనేళ్ళుగా పనిచేసే ఇంట్లో టీచరమ్మ తన పిల్లలకు పాఠాలు చెబుతుంటే, నేల తుడుస్తూ అన్నీ విన్నాను. వాళ్ళు పక్కన పడేసిన పుస్తకాలతో అక్షరాలు కూడబలుక్కున్నాను. ఈ ఊరి భాష నాకు వచ్చన్న సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు. మా ఇంట్లో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మా వీధిలో నలభై ఇళ్ళు. తాతల నాడు నేతపనికి వచ్చి స్థిరపడిన కుటుంబాలు. మాది వేరే భాష, ఈ ఊరివాళ్ళకు అర్థంకాని భాష. మావాళ్ళలో చాలామందికి ఈ ఊరి మాటలు అంగడి బేరానికి మించి రావు. ఈమధ్య చెప్పులు కుట్టే బాబాయి కొట్టు కాఫీ షాపయింది. అద్దెలు పెరిగి మూడు కుటుంబాలు ఊరవతలికి వెళ్ళిపోయాయి. ఇప్పుడు వీధి మొత్తం పడగొట్టి అపార్టుమెంట్లు కడతారట. "మనవాళ్ళంతా ఒప్పుకున్నారని తేలితే బిల్డరు మనకు మూడో అంతస్తులో ఫ్లాటు ఇస్తాడట. మిగతావాళ్ళ గొడవ నీకెందుకు?" అన్నాడు మా ఆయన.

మున్సిపల్ ఆఫీసు హాల్లో విచారణ. మావాళ్ళ మాటలు అధికారికి అనువదించి చెప్పడానికి మా ఆయనే ముందు కుర్చీలో కూర్చున్నాడు. మొదట మంత్రసాని పెద్దమ్మను పిలిచారు. వీధిలో సగంమంది ఆమె చేతుల్లో పుట్టినవాళ్ళే, నా ఇద్దరు పిల్లలతో సహా.

"నన్ను పంపించాలంటే మోసుకుపోవాల్సిందే నాయనా. నా అంతట నేను కదలను," అంది పెద్దమ్మ.

మా ఆయన అధికారి వైపు తిరిగాడు. "వయసు మీద పడిందండీ. ఎక్కడైనా ఒక గది చూపిస్తే వెళ్ళిపోతానంటోంది."

అధికారి రాసుకుంటున్నాడు. తన మాటే కాగితం మీదికెక్కుతోందనుకుని పెద్దమ్మ తృప్తిగా తల ఊపింది. ఆ తల ఊపడం నేను భరించలేకపోయాను. ఇన్నేళ్ళూ నేనూ అలాగే ఊపాను కదా! డాక్టరుతో, పిల్లల పంతులమ్మతో నా తరఫున ఆయన ఏం చెప్పినా, పక్కన నిలబడి ఊపాను. లేచి నిలబడ్డాను.

"పెద్దమ్మ చెప్పింది అది కాదండీ," అన్నాను, ఈ ఊరి భాషలో.

"కూర్చో!" మా ఆయన పళ్ళు కొరికాడు. నా యాస కాస్త వంకరే. అయినా ఎవరూ నవ్వలేదు.

అధికారి కలం ఆపాడు. "మరేం చెప్పిందమ్మా?"

పొల్లుపోకుండా చెప్పాను. అక్కడితో ఆగలేదు. "ఇలా చెబితే బిల్డరు ఫ్లాటు ఇస్తానన్నాడు ఈయనకు. ఈయన మా ఆయనే. ఆ ఫ్లాటు నాకొద్దు."

అధికారి రాసిందంతా కొట్టేసి, మా ఆయన్ని లేవమన్నాడు. ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. సాయంత్రం దాకా ఒక్కొక్కరే వచ్చారు. భర్తల వెనక నక్కి నిలబడే ఆడవాళ్ళు కూడా ముందుకొచ్చి, "ఇది కూడా చెప్పమ్మా," అంటూ గుండెల్లోది కక్కేశారు. నా గొంతు బొంగురుపోయింది. ఒంట్లో మాత్రం ఏనుగంత బలం.

ఇంటికొచ్చాక మా ఆయన వారం రోజులు మాట్లాడలేదు. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో!

మరో మూడు విచారణలయ్యాయి. మూడింటికీ నేనే వెళ్ళాను. నాలుగో నెలలో ఉత్తర్వు వచ్చింది. వీధి వీధంతా మా గుమ్మం ముందు చేరింది. నేను మెట్టు మీద నిలబడి ఒక్కో వాక్యం చదివి, మా భాషలో చెప్పాను. కూల్చివేత రద్దు. ఎవరి ఇల్లు వాళ్ళదే. పెద్దమ్మ కర్ర పైకెత్తి ఊపింది. ఎవరో ఈల వేశారు.

ఆ గోలలో, అందరి వెనక నిలబడి ఉన్న మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఆ చివరి ముక్క... దానర్థం ఇక మనల్నెవరూ కదపలేరనేనా?"

పెళ్ళయ్యాక ఆయన నన్ను ఒక సంగతి అడిగి తెలుసుకోవడం అదే మొదటిసారి.