గళ్ల కోటుకి కుడి చెయ్యి

కోటు కత్తిరించడంలో మాస్టారికి ఎదురు లేదు. జనం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఆ సంగతి మాస్టారు ఏనాడో ఒప్పేసుకున్నారు. కత్తిరించే బల్ల దగ్గరికి పెళ్లాన్ని కూడా రానిచ్చేవారు కాదు. ఆవిడ పనల్లా మిషను కుట్టడం, కాజాలు తీయడం, నోరు మూసుకోవడం. మూడోది ఆవిడకి ఏనాడూ చేతకాలేదు.

అలాంటి మాస్టారు ఆ వేళ గళ్ల కోటుకి రెండూ ఎడమ చేతులే కత్తిరించి పెట్టారు! గళ్లు కలవాలంటే గుడ్డ మడత పెట్టకుండా ఒక్కో చెయ్యీ విడిగా కోయాలి, రెండోదానికి కొలత అట్ట తిరగేసి పెట్టాలి. నిన్నగాక మొన్న పనిలో చేరినవాడికైనా తెలిసిన ముక్కే.

"ఏమండీ, కుడి చెయ్యేదీ?" అంది ఆవిడ.

"కళ్లు కనపడ్డంలేదా? అదిగో!"

ఆవిడ రెండూ పక్కపక్కన పరిచింది. మాస్టారు వాటిని తేరిపార చూశారు. తప్పెక్కడుందో ఆయనకి అంతుపట్టలేదు. ఆ చూపు చూసి ఇది మామూలు పొరపాటు కాదని ఆవిడకి అర్థమైపోయింది.

మర్నాడు బతిమాలి, బెదిరించి ఆస్పత్రికి లాక్కెళ్లింది. తలకి స్కానింగ్ తీశారు.

"షుగర్ మందులు మానేశారా?" అడిగింది డాక్టరమ్మ.

"మనిషిని గుండ్రాయిలా ఉంటేనూ! నొప్పీ గిప్పీ లేనిదానికి మందెందుకని..." నసిగారు మాస్టారు.

"నొప్పి ఉండదండీ, అదే దాని దొంగబుద్ధి. ఏళ్ల తరబడి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే మెదడులో సన్నటి రక్తనాళాల గోడలు దెబ్బతిని, లోపల దారి ఇరుకైపోతుంది. రక్తం సరిగ్గా అందని చోట ఇదిగో, ఇలా మచ్చలు పడతాయి."

"అయితే ఇక కత్తెర..." మాస్టారు తన కుడి చేతి వంక చూసుకున్నారు.

"పోయింది తిరిగి రాకపోవచ్చు. షుగరూ బీపీ అదుపులో ఉంచుకుంటే మిగిలింది కాపాడుకోవచ్చు. కత్తెర పట్టండి, కాకపోతే పక్కన ఒక మనిషిని పెట్టుకోండి."

ఇంటికొచ్చాక ఆటోవాడు ఎక్కువ అడిగితే, ఆయన అడిగినంతా ఇచ్చేశారు. పాపం, ఎంత నోరున్న మనిషి! కనీసం తనని తిట్టినా బాగుండుననుకుంది ఆవిడ.

మర్నాడు పొద్దున్నే మాత్ర వేసుకుని, అదే రకం గుడ్డ తెప్పించి, మాస్టారు బల్ల దగ్గర నిలబడ్డారు. ఎడమ చెయ్యి కోశారు. అట్ట పెట్టి సుద్దతో గీశారు. కత్తెర తెరిచి ఆగిపోయారు.

"ఏమేవ్, ఒకసారి ఇలా రా. అట్ట తిరగేశానంటావా?"

ఆయన ఆవిడని సలహా అడగడం అదే మొదలు. ఆవిడ వచ్చి చూసింది. అవునని చెప్పగలిగితే ఎంత బాగుండును!

"లేదండీ," అంది, కళ్లు తుడుచుకుంటూ.

మాస్టారు కత్తెర దించి, కాస్త పక్కకి జరిగి చోటిచ్చారు.

"ఇక్కడే నిలబడు. కాజాలు తర్వాత చూసుకోవచ్చు."