అల్లుళ్ళిద్దరూ, ఒక బ్రౌజరూ

ఫొటో స్టూడియో పెద్దాయనకి ఆ పాత కంప్యూటర్ చుక్కలు చూపిస్తోంది. బ్రౌజర్ తెరిస్తే చాలు, రెండు నిమిషాల్లో గుడ్లు తేలేస్తోంది. నయానా భయానా చెప్పి చూశాడు, నెత్తిన రెండు మొట్టి కూడా చూశాడు. లాభం లేక మెకానిక్‌కి కబురు పెట్టాడు.

మెకానిక్ కాసేపు దాంతో కుస్తీ పట్టి, నవ్వాడు.

"బ్రౌజర్ తప్పేం లేదండీ. ఇందులో వైరస్‌లని పట్టే ప్రోగ్రాములు రెండున్నాయి. మీరేది తెరిచినా, ముందు నేను చూస్తానంటే నేను చూస్తానని రెండూ మీదపడుతున్నాయి. మధ్యలో దీనికి ఊపిరాడట్లేదు. ఎవరు పెట్టారివి?"

"ఒకటి పెద్దల్లుడు. అది చూసి రెండోది చిన్నల్లుడు," అన్నాడు పెద్దాయన నీరసంగా.

"ఒకటి తీసేస్తే చాలండీ. ఏది తీసెయ్యమంటారు?"

పెద్దవాడిది తీయిద్దామా అనుకున్నాడు పెద్దాయన. కిందటేడు భోజనాల దగ్గర చిన్నల్లుడికి ముందు వడ్డించారని పెద్దల్లుడు మూతి ముడుచుకుని వెళ్ళిపోయాడు. బతిమాలి మళ్ళీ గుమ్మం ఎక్కించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. పోనీ చిన్నవాడిది తీయిద్దామా అంటే, అతను అలిగితే చిన్నకూతురు ఫోనే ఎత్తదు.

"రెండూ తీసేసి వేరేది పెట్టనా?"

"ఇద్దరూ ఒకేసారి అలగడానికా?"

"మరేం చెయ్యమంటారండీ?"

పెద్దాయన గుమ్మం వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించాడు.

"అల్లుళ్ళ జోలికి పోకు నాయనా. ఆ బ్రౌజరే తీసెయ్."