టోపీకి ఇస్త్రీ

ఒమాన్‌లోని సీబ్ బజారు వెనక సందులో ఉన్న లాండ్రీకి యజమాని ప్రభాకరే అయినా, ఇస్త్రీ పెట్టె మాత్రం అతని భార్య వాణి చేతిలోనే ఉంటుంది. ఆమె చేతికింద పడ్డ బట్టలో ముడత మిగిలే ప్రశ్నే లేదు. ఒమానీలు తొడుక్కునే తెల్లటి పొడుగు అంగీలు ఆమె మడిచి పెడితే విప్పడానికి మనసొప్పదు. ఆ పనితనమే ఆ రోజు కొంప ముంచింది.

పొద్దున హమద్ వచ్చి యూనిఫాం ఇచ్చిపోయాడు. సుల్తాన్ అంగరక్షక దళంలో, విమానాల్లోంచి దూకే పారాచూట్ రెజిమెంట్‌లో కొత్తగా చేరిన సిపాయి అతను. మర్నాడు రెజిమెంట్ పండగ, అతనికి మొదటి పరేడ్. సంచీ అడుగున మెరూన్ రంగు ఉన్ని టోపీ ఒకటుంది.

వాణి దాన్ని తీసి చూసింది. ఒకపక్కకు వాలి, ఇంకోపక్క లేచి, మధ్యలో సొట్టపడి ఉంది. ఎవరో దీనిమీద కూర్చున్నట్టున్నారు పాపం అనుకుంది. నీళ్ళు చల్లి, ఆవిరి పట్టి, నిదానంగా ఇస్త్రీ చేసింది. ప్రభాకర్ చాయ్ తాగి వచ్చేసరికి టోపీ బల్లమీద సర్వపిండిలా గుండ్రంగా, పలచగా పడుకుని ఉంది.

"ఏం జేసినవే ఇది?"

"సొట్టలన్నీ వోయినయ్ సూడు."

"ఆ సొట్టలే గదనే టోపీ! అది వాళ్ళ బాపుది. ఆయన తలకాయ ఎట్లుంటే అట్ల కూసున్నది. రేపు పరేడ్ల అదే పెట్టుకుంటనని ఆ పిలగాడు మురుస్తుండు. ఉత్త దుమ్ము దులుపుమన్నడు."

"ఆ ముచ్చట నాకెప్పుడు జెప్పినవ్?"

ప్రభాకర్ నాలిక్కరుచుకున్నాడు. చాయ్ ధ్యాసలో చెప్పడమే మరిచాడు.

వాణి పైనున్న రూమ్‌లోకి ఉరికి తలకాయంత కుక్కర్ తెచ్చింది. మూత పెట్టి, దానిమీద టోపీ తొడిగి మళ్ళీ ఆవిరి పట్టింది. టోపీ బుద్ధిగా కుక్కర్ ఆకారంలోకి వచ్చింది. విజిల్ ఉండే చోట బొడిపె కూడా లేచింది.

"ఇగ కూత ఒక్కటే తక్కువ," అన్నాడు ప్రభాకర్.

"నువ్వు జర నోర్ముయ్," అంది వాణి. ఆ టోపీ పోతే మళ్ళీ దొరికేది కాదు.

సాయంత్రం హమద్ ఒంటరిగా రాలేదు. వెంట తెల్లగడ్డం ఉమర్, అతని తండ్రి. ఒకప్పుడు అదే రెజిమెంట్‌లో పనిచేసినవాడు. హమద్ కుక్కర్‌ని చూశాడు, దానిమీది టోపీని చూశాడు. నవ్వు మాయమైంది.

"నేనే చేశాను చాచా," అంది వాణి హిందీలో. "ముడతలనుకున్నాను."

ఉమర్ టోపీని తీసి అటూ ఇటూ తిప్పాడు. బొడిపెను వేలితో నొక్కాడు. తరవాత స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"మేం చేరిన కొత్తలో సగంమంది అంతకుముందు విమానం ఎక్కనేలేదు," అన్నాడు సిపాయిల హిందీలో. "ఎక్కిన ప్రతిసారీ దూకించేవాళ్ళు. విమానంలో కూర్చునే నేలమీద దిగడం ఎలా ఉంటుందో నాకు చాలాకాలం తెలీదు. సుల్తాన్ గడప దగ్గర రాయిలా నిలబడటం మా డ్యూటీలో సగం. పిలుపొస్తే ఆకాశంలోంచి ఏ ఎండిన వాగులోనైనా దిగటం మిగతా సగం. ఇక పారాచూట్లు మడతపెట్టేవాళ్ళున్నారే, నీలాంటివాళ్ళే బేటీ, ముడతంటే పడదు. అప్పుడప్పుడు వాళ్ళు మడిచిన దాంతో వాళ్ళనే దూకించేవాళ్ళం, ఒళ్ళు దగ్గర పెట్టుకుని మడుస్తారని. ఇప్పుడు చెప్పు, ఈ కుక్కర్‌తో నువ్వెక్కడినుంచి దూకుతావు?"

ప్రభాకర్ కిసుక్కున నవ్వి, వాణి చూపు తగిలి ఆగిపోయాడు.

"గోరువెచ్చటి నీళ్ళు తే."

ఆమె బకెట్ తెచ్చింది. ఉమర్ టోపీని అందులో ముంచేశాడు.

"బాబా!" హమద్ అడ్డం పోయాడు. "మీ తల ఆకారం కొంచెమైనా..."

"నా తల ఆకారం నా తలకే ఉంది, ఎక్కడికీ పోలేదు. ఈ టోపీ నీ కళ్ళమీదికి జారుతుంటే చూస్తూనే ఉన్నాను. నీ సరదా చూసి చెప్పలేకపోయాను." టోపీని పిండి, కొడుకు తలమీద పెట్టి, కుడిచెవి మీదికి అరచేత్తో లాగాడు. "మా అందరి టోపీలూ ఇట్లాగే కుదిరాయి. తడిపి పెట్టుకోవాలి, తలమీదే ఆరాలి. అంతదాకా తియ్యకూడదు."

హమద్ ఫ్యాను కింద కూర్చున్నాడు. మెడమీద మెరూన్ నీళ్ళు కారుతున్నాయి. చాయ్ వచ్చింది, దానితోపాటు వాణి చేసిన సకినాలు వచ్చాయి. తల కదపకుండా సకినం కొరకడానికి అతను పడే అవస్థ చూసి తండ్రి కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వాడు. తొందరగా ఆరాలని వాణి అలవాటుకొద్దీ ఇస్త్రీ పెట్టె వైపు చెయ్యి చాపింది.

"వద్దు!" ముగ్గురూ ఒకేసారి అరిచారు.

బజారు దీపాలు వెలిగాక హమద్ టోపీ తీసి బల్లమీద పెట్టాడు. ఒకపక్కకు వాలి, ఇంకోపక్క లేచి, మధ్యలో సొట్ట. కాకపోతే సొట్ట కొంచెం ముందుకు జరిగింది. ఉమర్ దాన్ని తన తలమీద పెట్టి చూసుకున్నాడు. పట్టలేదు.

"ఇప్పుడు ఇది నీది," అన్నాడు తృప్తిగా. వాణి వైపు తిరిగి, "ముడత కనిపిస్తోందా బేటీ?" అన్నాడు.

"కనిపిస్తోంది చాచా," అంది వాణి. ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పీకి, వైరు ఎత్తి అందరికీ చూపించింది.