పేరు గీకేసిన మైనపు దిమ్మ

నేను ఒక మైనపు దిమ్మను. బొటనవేలంత ఉంటాను గాని, నా సంగతి వింటే మీకు దిమ్మ తిరుగుతుంది. మైనం అనగానే ఇట్టే కరిగిపోయే మనసు అనుకుంటారేమో, ఆ ఆశ పెట్టుకోకండి. పొయ్యి మీద పెడితే నా ఒళ్లు కరుగుతుంది. మనుషుల మీద నా కోపం కరగదు.

నా పుట్టుక సంగతి ముందు చెబుతాను. మండపేటలో సుభాషిణి అని ఒక ఇల్లాలు. ముట్లు ఆగిపోయిన ఐదేళ్లకు ఆవిడకు మళ్లీ రక్తం కనిపించింది. కనిపించిన సంగతి ఎవరికీ కనిపించనివ్వలేదు. వేడి చేసిందనుకుని సబ్జా గింజలు, పలచటి మజ్జిగ తాగుతూ ఒక వేసవి గడిపేసింది. రోగం మజ్జిగకు లొంగుతుందా? చివరికి కాకినాడలో ఒక ఆసుపత్రివారు గర్భసంచి తీసేశారు. అందులోంచి వేరుశనగ గింజంత ముక్క కోసి, మందులో నానబెట్టి, వేడి మైనం పోసి ప్లాస్టిక్ గూట్లో బిగించారు. అదీ నేను. మీరంతా గర్భసంచి ఉండబట్టి పుట్టారు, నేను అది పోయాక పుట్టాను.

నా మూతి మీద ఒక నంబరు రాశారు. నన్ను వేసిన కవరు మీద ఆవిడ పేరు, ఏ అవయవమో ఇంగ్లీషులో అంటించారు. నాకున్న ఆస్తి అంతే.

దీన్ని బయాప్సీ అంటారట. మండపేటలో భయాప్సీ. నన్ను సన్నగా చెక్కి చూసిన ఒక ల్యాబు ఇది నత్తలా నడిచే రకం, కాస్త రేడియేషన్ చాలంది. ఇంకో ల్యాబు ఇది గుర్రంలా పరిగెత్తే రకం, వెంటనే ఘాటు మందులు ఎక్కించమంది. ఏది నిజమో తేలాలంటే నన్ను మళ్లీ చూడాల్సిందే. గర్భసంచి ఎలాగూ లేదు, రోగపు గడ్డ చిక్కిన దిమ్మను నేనొక్కదాన్నే. కథల్లో మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉన్నట్టు ఈవిడ ప్రాణం నాలో ఉందన్నమాట.

ఇక ఆవిడ భర్త కోదండపాణి, ధాన్యం కమిషన్ వ్యాపారి. పేరులో కోదండం ఉంది గాని, ఊరి నోటి ముందు ఎప్పుడూ ఎక్కుపెట్టిన పాపాన పోలేదు. హైదరాబాద్ వెళదామంటే వద్దన్నాడు. అక్కడ క్యాన్సర్ ఆసుపత్రి వరండాలో ఎదురు బెంచీ మీద మనూరి వాళ్లే కూర్చుని ఉంటారు, "ఎక్కడండీ?" అని అడుగుతారు. గొంతు అనో, ఊపిరితిత్తి అనో చెప్పుకోవచ్చు. ఇది చెప్పుకునే చోటా? అందుకని సింగపూర్. అక్కడ చూపించడానికి నన్ను ల్యాబు నుంచి ఇంటికి తెచ్చుకున్నాడు. వైద్యం కోసం విదేశం వెళ్లేవాళ్లు ఉంటారని విన్నాను. వైద్యాన్ని దాచడానికి విదేశం వెళ్లే మహానుభావుణ్ణి ఈయన్నే చూశాను. పరువు ఎంత బరువైతే విమానం అంత దూరం ఎగరాలి కాబోలు. ఊళ్లో మాత్రం విహారయాత్ర అని చాటించాడు. విహారం కాదు, వ్యవహారం.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. ఎవరు దూరం వెళ్లినా బయల్దేరే రోజున ఇంటి ఆడపడుచు వచ్చి పెట్టె సర్దాలి. ఆవిడ చేత్తో మూత పడితేనే వెళ్లినవాళ్లు క్షేమంగా తిరిగొస్తారట. కోదండపాణి అక్క ఆదిలక్ష్మి హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైంది. సర్వీసంతా ప్రత్యుత్పత్తి పాఠం రాగానే "ఇది ఇంటిదగ్గర చదువుకోండి" అని పేజీలు తిప్పేసిన ఘనురాలు. పాఠం చెప్పకపోయినా అందులో మాటలన్నీ వచ్చు. పైగా మడతపెట్టిన జాకెట్టు కూడా విప్పి చూసి సర్దే రకం.

అందుకని ఆవిడ రాకముందే కోదండపాణి నన్ను స్నానాల గదిలోకి తీసుకెళ్లి గడియ పెట్టాడు. కవరు చింపి నీళ్లలో వదిలేశాడు. నంబరు చూసి ఆగాడు. ఇది ఏ రోగపు గుర్తో ఏమో, అక్క అసలే సైన్సు అనుకున్నాడు. గడ్డం గీసుకునే బ్లేడు తీసి నా మూతి గీకేశాడు. గడ్డం గీకితే మళ్లీ మొలుస్తుంది. నంబరు మొలుస్తుందా?

మధ్యాహ్నం ఆదిలక్ష్మి పెట్టె సర్దుతూ నన్ను పట్టుకుంది. ఇదేమిటంటే, పాదాల పగుళ్లకు మైనం అన్నాడు తమ్ముడు. ఆవిడ తల ఊపి, ఆవకాయ పొట్లానికీ జంతికల డబ్బాకూ మధ్య నన్ను కుక్కింది. సముద్రం దాటినంతసేపూ నూనె వాసన పీలుస్తూ వెళ్లాను.

సింగపూర్‌లో డాక్టరమ్మ నన్ను అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఇది ఎవరిది అని అడిగింది. మీదే అనడానికి దీని మీద ఒక్క గుర్తూ లేదు, ఊరూ పేరూ లేని దిమ్మను నమ్మి మనిషికి ఇంత ఘాటు మందు ఎలా ఎక్కించను అంది. సుభాషిణి డిగ్రీ చదివింది, ఆ ఇంగ్లీషు ఆవిడకు అర్థమైంది. మొగుడి వైపు తిరిగింది.

"ఏవండీ, దీని మీద నంబరు ఉండాలి కదా?"

ఆయన ఫ్యాను కోసం పైకి చూశాడు. ఏసీ గదిలో ఫ్యాను లేదు.

"అక్క చూస్తుందని గీకేశాను."

"గీకేశారా."

"ఊళ్లో తలెత్తుకోవద్దా మరి?"

"మీరు తలెత్తుకోడానికైనా పక్కన నేనుండాలి కదండీ."

అప్పుడే ఆయన ఫోన్ మోగింది. ఆదిలక్ష్మి. రోజూ ఆ వేళకు చేసి, ఏం చూశారు, ఏం కొన్నారు, తలనొప్పి తైలం మర్చిపోలేదు కదా అని అడుగుతుంది. ఆయన కట్ చేయబోతుంటే సుభాషిణి లాక్కుని స్పీకర్ నొక్కింది.

"వదినా, నేను. ఆసుపత్రిలో ఉన్నాం. నాకు గర్భసంచిలో క్యాన్సర్. ముట్లు పోయాక మళ్లీ రక్తం కనపడితే చెప్పుకోలేక ఒక వేసవి పాడు చేసుకున్నాను. మీరు పెట్టెలో పెట్టింది కాళ్ల మైనం కాదు, నా గర్భసంచి ముక్క."

మామూలుగా ఆ గొంతు ఆగాలంటే టవర్ కూలాలి. ఇప్పుడు మాటకు బదులు తలుపు గడియ పడిన శబ్దం వినపడింది.

"సుభా, మీ అన్నయ్యగారు పక్కగదిలో ఉన్నారు, మెల్లిగా చెబుతాను. ఉగాది దగ్గర్నుంచి నాకూ కనపడతోందే. అదేంటో పుస్తకంలో చదివినదాన్నే. సిగ్గేసి ఊరుకున్నాను."

అక్కకు తెలియకుండా నా నంబరు గీకినప్పుడు అక్క ఆరోగ్యాన్నీ గీకేస్తున్నానని కోదండపాణి అనుకోలేదు. పెళ్లాం ప్రాణానికి రాని చెమట అక్క మాటకు వచ్చింది. దానికీ నాకు ఒళ్లు మండింది, మైనాన్ని కాబట్టి పైకి అనకూడదు.

సుభాషిణి మాత్రం ఒక్కటే చెప్పింది. "ఇవాళే వెళ్లండి వదినా. ఎక్కడని అడిగితే పేరు పెట్టి చెప్పండి."

డాక్టరమ్మ ఒక దారి చూపించింది. ఆవిడ రక్తం తీసి, నాలోంచి ఇంకో పొర చెక్కి, రెండూ ఒకే మనిషివో కాదో పోల్చి చూస్తామంది. మనిషి అబద్ధమాడినా రక్తం ఆడదు. కానీ తీరికగా మాట్లాడుతుంది. అది మాట్లాడేదాకా మందు ఆగింది. చివరికి నేను ఆవిడదాన్నేనని తేలింది. పరిగెత్తే రకం అనీ తేలింది. గుర్రాన్ని అన్ని రోజులు వదిలేసి తాళ్లు వెతికారు మావాళ్లు. అది ఎంత దూరం పోయిందో స్కానులు చెప్పాలి, నేను చెప్పలేను.

ఇప్పుడు ఆ ఆసుపత్రి నేలమాళిగలో, చల్లని సొరుగులో ఉన్నాను. చుట్టూ నాలాంటి దిమ్మలు ఎన్నో. ఒక్కటీ సిగ్గుపడదు. మీకంటే మర్యాదస్తులం.

నన్ను కిందికి పంపే ముందు డాక్టరమ్మ కొత్త చీటీ ఇచ్చింది. సుభాషిణి దాన్ని, పెన్నును కోదండపాణి ముందుకు తోసింది. ఆయన భార్య పేరు రాశాడు, ఊరు రాశాడు, పెన్ను ఆపాడు. ఆవిడ కదల్లేదు. మొదటి విడత మందు గొట్టం చేతికి అంటించుకుని అలాగే నిలబడింది. ఆయన అవయవం పేరు కూడా పూర్తిగా రాసి, ఇక చాలా అన్నట్టు తలెత్తి చూశాడు.

ఆవిడ ఆయన్ని చూడలేదు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఉంది.

"రిపోర్టు ఏమొచ్చింది వదినా? ఆ గడియ తీసి, గట్టిగా చెప్పండి. అన్నయ్యగారికి వినపడాలి."