ఓడ ఆగిన సంగతి

నేను ఒక దుర్భిణిని. ఇత్తడి ఒళ్లు, నల్ల తోలు తొడుగు. నా గాజు కళ్లను అరగదీసి నన్ను తయారుచేసిన వాళ్లలో సముద్రం చూసినవారు ఒక్కరూ లేరు. నేను మాత్రం లోకజ్ఞానం రాకముందే ఓడెక్కి, కమాండర్ కొచ్చర్లకోట సూర్యప్రకాశంగారి మెడకు వేలాడాను. డెబ్బై ఒకటి యుద్ధమంతా ఆయన గుండె మీదే గడిపాను. ఆయన పోయాక విశాఖలో వాళ్లింటి అద్దాల బీరువాలో చేరాను. చూడ్డానికి పనికొచ్చే వస్తువును చూడ్డానికే ఉంచుకోవడం మనుషులకే చెల్లింది.

కొంతకాలానికి కమాండర్‌గారి జీవితచరిత్ర అచ్చుకు సిద్ధమైంది. అందులోని సంగతులు సరిచూసే పని సుభాషిణి అనే అమ్మాయిది. అలకు కొట్టుకుపోయిన నావికుడు ఎల్లాజీ కోసం కమాండర్ నడిసముద్రంలోకి దూకారని పుస్తకంలో ఉంది. ఆయన భార్య మహాలక్ష్మమ్మగారు అప్పట్లో పేపర్లవాళ్లకు స్వయంగా చెప్పిన మాట అది. ఎల్లాజీ భీమిలిలో బతికే ఉన్నాడని తెలిసి, సుభాషిణి ఆవిడను అడిగి నన్ను తీసుకుని అతని దగ్గరికి వెళ్లింది.

ఎల్లాజీ నన్ను ఒళ్లో పెట్టుకుని తడిమాడు.

"బాబు దూకనేదమ్మా. ఓడ ఆపినాడు."

"అంతేనా?"

"అంతేనా అంటావేటి! నీళ్లకింద శత్రువు సబ్‌మెరైన్ తిరుగుతోంది. దేనికీ ఆపొద్దని పైనుంచి ఆర్డరు. ఆగిందంటే టార్పెడోకి ఎదురుగా నిలబడ్డట్టే. రెండొందల మంది ఉన్నారమ్మా ఓడలో. నాకోసం ఆపేసినాడు."

నిజమే. ఓడ ఆగిన ఆ కాసేపూ కమాండర్‌గారు నాలోంచి ఎల్లాజీని చూడనేలేదు. సబ్‌మెరైన్ జాడ కోసం చుట్టూ నీళ్లనే వెతికారు. చూసిన అలనే మళ్లీ మళ్లీ చూశారు.

తిరుగు బస్సులో సుభాషిణి నన్ను ఒళ్లో పట్టుకుని కూర్చుంది. నిజం రాస్తే ఆ పెద్దావిడ అబద్ధాలకోరవుతుంది. ఆర్డరు మీరిన మనిషిని రేపు ఎవరేమంటారో తెలియదు. రాయకపోతే తను ఈ పని చేయడమెందుకు?

విశాఖలో మహాలక్ష్మమ్మగారు అంతా విన్నారు.

"అవునమ్మా, ఆ దూకడం నేను కల్పించిందే," అన్నారు. "ఆయన దూకారంటే, ఆయన్ని పైకి తీసుకోడానికి ఓడ ఆగిందనుకుంటారు. ఆపిందెవరని అడగరు. ఎంక్వయిరీ వస్తుందేమోనని, ఫోను మోగితే చాలు, ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం."

"కమాండర్‌గారు ఏమనేవారు, అమ్మగారూ?"

"ఎవరైనా పొగిడితే లేచి వెళ్లిపోయేవారు. 'ఆ రోజు టార్పెడో తగిలుంటే నన్నేమనేదానివి మహాలక్ష్మీ?' అని అడిగేవారు."

సుభాషిణి కలం తీసింది. "మరి పుస్తకంలో ఏం రాయమంటారు?"

ఆవిడ నన్ను అందుకుని, చీర చెంగుతో అద్దాలు తుడిచారు.

"ఆపారని రాయి. భయపడుతూనే ఆపారని రాయి."

అలాగే అచ్చయింది. ఇప్పుడు నేను మ్యూజియంలో ఉన్నాను. నా పక్కన అట్టముక్క మీద ఆ రోజు జరిగిందీ, దాని కింద ఆ రెండు వాక్యాలూ ఉన్నాయి. చదివినవాళ్లు వాదించుకుంటారు. ఒక్కడి కోసం అంతమందినా అని ఒకరు, కళ్లెదుట మనిషిని వదిలేసి పోతారా అని ఇంకొకరు. తేలక, పక్క బల్ల దగ్గరికి నడిచిపోతారు. ఆ రోజు సూర్యప్రకాశంగారికి నడిచిపోవడానికి పక్క బల్ల లేదు. ఎల్లాజీ తల నీళ్లలో మునిగి తేలుతోంది, రెండువందల మంది ఆయన మొహంలోకే చూస్తున్నారు.