అన్ని తుపాకుల్లో దిగే గుండు

ఎల్స్‌పెత్ పొయ్యి మీద షెరీఫు మనుషులు నీళ్లు గుమ్మరిస్తుంటే పంతొమ్మిది మందిమి చూస్తూ నిలబడ్డాం. పంతొమ్మిది మంది చేతుల్లోనూ తుపాకులున్నాయి. ఒక్కటీ పేలలేదు. ఈ సిగ్గుమాలిన సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఇక్కడ కూర్చుని వింటున్న మిల్లు కూలీల్లోంచో బడి కుర్రాళ్లలోంచో ఎవరో లేచి అడగకముందే.

కరోలైనా కొండల్లో, బ్రయర్ ఏటి ఒడ్డున, ఇంకా ఇంగ్లీషు రాజుగారి ఏలుబడి నడుస్తున్న రోజులవి. గవర్నరు మా లోయ మొత్తాన్ని కాగితం ముక్క మీద తన స్నేహితుడికి రాసిచ్చేశాడు. చెట్లు కొట్టింది మేము, మొద్దులు పెరికింది మేము, మొక్కజొన్న వేసింది మేము. మాకంటే ముందు ఈ నేల మీద బతికినవాళ్లను తరిమిన తుపాకుల్లో మావీ ఉన్నాయి, ఆ పాపం దాచను. కానీ ఆ కాగితం పట్టుకొచ్చిన ఆ స్నేహితుడి ఏజెంటు పెర్రిన్ ఒక్క మొద్దయినా పెరికాడా?

ఆ రోజు వాడు షెరీఫునీ అతని మనుషుల్నీ వెంటేసుకొచ్చి ఎల్స్‌పెత్ క్రేగ్ దుంగల ఇంటి కప్పు లాగించేశాడు. ఆమె మొగుడు పోయి అప్పటికి రెండేళ్లు. పొయ్యి మీద ఉడుకుతున్న మొక్కజొన్న సంకటి కుండను తన్నేశారు. తర్వాత పెర్రిన్ అడిగింది ఒక్కటే.

“గుండ్ల అచ్చు ఎక్కడే?”

తెలివైన వెధవ. మా తుపాకులు లాక్కోవాలంటే గడపకో చావు చూడాలి. అచ్చు లాక్కుంటే చాలు, జేబులో ఉన్న పది గుండ్లూ అయిపోయాక తుపాకీ ఉత్త కర్రే. అందుకే ఆ నెలంతా ఇంటింటికీ తిరిగి, దొరికిన ప్రతి అచ్చునూ గడపరాయి మీద పెట్టి సుత్తితో పగలగొట్టించాడు.

“ఏట్లో పడేశా. దమ్ముంటే మునిగి తెచ్చుకో,” అంది ఎల్స్‌పెత్.

మేమెందుకు కాల్చలేదో చెబుతాను. మూతి నుంచి మందు దట్టించే తుపాకులు మావి. కమ్మరి ఒక్కో గొట్టాన్నీ చేత్తో తొలుస్తాడు. దానికి సరిపడా సీసం గుండు పోసుకునే అచ్చు కూడా చేసి తుపాకీతో పాటే ఇస్తాడు. ఏ రెండు గొట్టాల కొలతా ఒకటి కాదు. అంతకుముందేడు ఏటి రేవులో షెరీఫు గుర్రాల్ని అడ్డుకున్నప్పుడు అందరి గుండ్లూ ఒకే సంచిలో పోశాం. అదే ఐకమత్యం అనుకున్నాం, తెలివితక్కువ సన్నాసులం. మా అన్న ఆర్చీ చేతికి, మాలో ఒకడైన గాస్కిన్ పెద్ద గొట్టం తుపాకీ గుండు వచ్చింది. గొట్టంలో సగం దిగి ఇరుక్కుపోయింది. దట్టించే కర్రను రాయితో బాదుతుండగానే గుర్రం మీదివాడి కత్తి మా అన్న మెడ మీద పడింది. నేను పక్కనే ఉన్నాను. అప్పటినుంచి ఎవడి గుండ్లు వాడి జేబులో, ఎవడి భయం వాడి కడుపులో. నా గుండ్లు అయిపోతే నాకెవడిస్తాడని ఎవడికి వాడే ఆగిపోయాం.

మర్నాడు మధ్యాహ్నం తుపాకుల కమ్మరి కొన్రాడ్ కొలిమి దగ్గర చేరాం. ఆయన పనిముట్లన్నీ షెరీఫు బండికెక్కించుకుపోయాడు, కొత్త అచ్చు చెక్కే దారి లేదు. లోయ మొత్తంలో మిగిలిన అచ్చులు రెండే. ఒకటి గాస్కిన్‌ది. కొయ్య కోసే మిల్లూ, ముగ్గురు పాలేర్లూ ఉన్నవాడు. ఇత్తడి అచ్చు, ఒక్క పోతకు ఆరు గుండ్లు. రెండోది ఎల్స్‌పెత్ పావడా మడతల్లోంచి తీసింది. తుప్పుపట్టిన పట్టకారులాంటి ఇనుపముక్క, పోతకు ఒక్కటే గుండు.

“ఏట్లో పడేశానన్నావుగా అక్కా?” అన్నాను.

“దానికి చలేస్తోందంటే మళ్లీ తీశాలే,” అంది.

గాస్కిన్‌కి నవ్వు రాలేదు. “ఇందులో మాట్లాడుకునేదేముంది? నా అచ్చుతో పోస్తే పూటలో మూడొందల గుండ్లు. ఆ ఉడతలు కొట్టే అచ్చు పెట్టుకు కూర్చుంటే షెరీఫు వచ్చి మనందరికీ గోతులు తవ్వించి పోతాడు.”

సగంమంది తలలూపారు. నేనూ ఊపాను. ఒకటికంటే ఆరు ఎక్కువ కదా అనిపించింది.

కొన్రాడ్ మాత్రం గాస్కిన్ గుండొకటి తీసుకుని, కొవ్వు రాసిన పల్చటి పేలిక చుట్టాడు. “వరసగా నిలబడండి. గొట్టాలు పైకెత్తండి.”

ఒక్కో మూతి మీదా పెట్టి బొటనవేలితో నొక్కుతూ వచ్చాడు. “దిగదు. దిగదు. ఇందులో దిగుతుంది. దిగదు.” నా చేతిలో ఉన్న మా అన్న తుపాకీ దగ్గరికొచ్చేసరికి నేను గొట్టం మూతి చేత్తో మూసేశాను. “దీంట్లో పెట్టకు మామా. నాకు తెలుసు.” ఆయన నా మొహం చూసి పక్కవాడి దగ్గరికి వెళ్లాడు. పదకొండింటిలో దిగలేదు.

తర్వాత ఎల్స్‌పెత్ గుండు తీశాడు. అన్నిటిలోనూ దిగింది. గాస్కిన్ గొట్టంలో అయితే గలగలా దొర్లింది.

“చూశారా?” గాస్కిన్ ఎగిరిపడ్డాడు. “దీంతో వంద గజాల్లో దుప్పిని కొట్టగలనా?”

“పెర్రిన్ నీకు వంద గజాల దూరంలో నిలబడతాడా? వాకిట్లోకొస్తాడు,” అంది ఎల్స్‌పెత్. “జింకతోలు రెండు పొరలు చుట్టి, కొవ్వు రాసి దట్టించు, కదలదు. నీ గుండుకి నా తుపాకీలో చోటు లేదు. నా గుండుకి నీ తుపాకీలో ఉంది. కాస్త తోలు చుట్టుకోడానికే ఏడుపా?”

“నా తుపాకీ ఏంటి, నేను దరిద్రుల గొట్టాన్ని బట్టి నడవడమేంటి?”

“నడవాల్సిందే,” అన్నాడు వెనకనుంచి టోబ్. గాస్కిన్ పాలేరే వాడు, అరువు తుపాకీ పట్టుకొచ్చాడు.

“నోర్ముయ్ రా! నా తిండి తింటూ నాకే చెబుతావా?”

“నీ మిల్లులో రంపప్పొట్టు తింటున్నా దొరా. దానికే ఇంత విశ్వాసం కావాలా?”

గాస్కిన్ ఇత్తడి అచ్చు చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. ఇద్దరు వాడి వెనకాలే పోయారు. టోబ్ కదల్లేదు. పోయేవాళ్లని చూసి మాలో ఒకడు ఉమ్మేశాడు కూడా. ఇప్పుడు తలుచుకున్నా ఆ ఉమ్ము సబబే అంటాను.

ప్రార్థన మందిరం కిటికీ సీసం, వలల బరువులు, ఎవరింట్లో ఏముంటే అది తెచ్చి కరిగించాం. మొదటి గుండ్లు ముడతలు పడ్డాయి. అచ్చు వేడెక్కకపోతే అంతే. “మళ్లీ మూకుడులో పడేయండి,” అనేది ఎల్స్‌పెత్, వేళ్లు బొబ్బలెక్కినా అచ్చు వదలకుండా. ఆరు రోజులు ఆ ఇనుపముక్క ఇంటింటికీ తిరిగింది. ఒక్కొక్కటే పోశాం.

ఏడో రోజు పెర్రిన్ షెరీఫుని వెంటేసుకుని వచ్చాడు. ఎవరింటికనుకున్నారు? గాస్కిన్ ఇంటికి. ఇల్లెంత పెద్దదైనా ఆయన దగ్గరా పట్టా లేదుగా. ఇత్తడి అచ్చు ఆయన గడపరాయి మీదే పగిలింది, గుండ్ల సంచి బావిలో పడింది. ఆయన ఖాళీ తుపాకీతో ఏటిగట్టున పరుగెత్తుకుంటూ, గొడవ విని బయల్దేరిన మాకెదురొచ్చాడు.

“గుండ్లు,” అన్నాడు తలొంచుకుని.

ఎల్స్‌పెత్ గుప్పెడు గుండ్లూ, తోలుముక్కలూ చేతిలో పోసింది. “రెండు పొరలు చుట్టు. నీది పెద్ద నోరు.”

గాస్కిన్ వాకిట్లో మేం మొదటి వరస పేల్చగానే షెరీఫు కత్తి దూశాడు. మేం మళ్లీ దట్టించేలోగా మీద పడొచ్చని వాడికి తెలుసు. గుర్రాలు కదిలాయి. నేను చూడకుండా అందరి గుండ్లూ ఉన్న సంచిలో చెయ్యి పెట్టి, వచ్చిన గుండు తీశాను. ఆర్చీ తుపాకీలో ఆ గుండు ఒక్క ఊపున అడుగుదాకా దిగింది. పక్కన టోబ్‌కీ దిగింది. గాస్కిన్‌కీ దిగింది. రెండో వరస పేలింది. షెరీఫు గుర్రం కూలింది, పెర్రిన్ టోపీ వదిలేసి పారిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. అన్న బతికుండగా మాకీ బుద్ధి రాలేదే అని.

రెండు వారాలకు గవర్నరు సైన్యం దిగింది. అచ్చుతో పాటు ఎల్స్‌పెత్‌ని పట్టుకున్నారు. కోర్టు ముందు జనాన్ని పోగేసి, “ఇదెవరిది?” అని పెర్రిన్ అడిగాడు. “నాది,” అన్నాడు కొన్రాడ్. “నాది,” అన్నాడు టోబ్. “నాది,” అన్నాడు గాస్కిన్, అందరికంటే గట్టిగా. సిపాయిలు కర్రలతో మా మీద పడ్డారు. ఉరికొయ్య కిందే అచ్చు పగలగొట్టారు. ఎల్స్‌పెత్ పెర్రిన్ మొహం మీదే నవ్వింది. ఒక్క గుండు మిగిలితే చాలు, దాని కొలతకి ఏ కమ్మరైనా ఇంకో అచ్చు చెక్కేస్తాడు. వాడికది తెలీదు. నవ్వుతుండగానే ఉరితీశారు.

అవతలి లోయకు పోయే పడవరేవులో సిపాయిలు సంచులు, జేబులు దులుపుతున్నారు. ఆ అచ్చులో పోసిన గుండొకటి నా బుగ్గలో ఉంది.

“మాట్లాడవేంరా?”

పన్ను నొప్పి అన్నట్టు బుగ్గ పట్టుకున్నాను. “నేను పీకుతాలే,” అని ఒకడు తుపాకీ మడమతో ఆ బుగ్గ మీదే కొట్టాడు. రెండు పళ్లు ఊడాయి. పళ్లు ఉమ్మేశాను. గుండు ఉమ్మలేదు.

అవతలి లోయ కమ్మరి అరచేతిలో నెత్తురంటిన ఆ గుండు పెట్టాను. ఆయన దాన్ని తుడిచి, వెలుగులో తిప్పి చూశాడు.

“ఎవరి తుపాకీకి చెయ్యాలి?”

“మీ వాళ్లందర్నీ పిలు,” అన్నాను. “గొట్టాలన్నీ వరసగా పెట్టించు. ఇది ఏ ఒక్కదాంట్లో దిగకపోయినా, ఇంతకంటే చిన్నది చెక్కు.”