నల్లపావుల వైపు నుంచి

సీటు తొడుగు కుట్టు చివరికి రాగానే మెషిన్ చక్రాన్ని అరచేత్తో ఆపాడు సీట్ల మేస్త్రి. బస్సులు బాగుచేసే ఆ షెడ్డులో అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. దారం తెంపి, చదరంగం పజిల్ ఉన్న పేపరు తీశాడు. మధ్యాహ్నం ఇంటికెళ్ళి భార్యకు చదివి వినిపించాలి.

"పేపరు తలకిందులుగా చదివేవాణ్ణి నిన్నే చూశా," అన్నాడు వెల్డర్, భుజం మీదుగా తొంగి చూసి.

"నల్లపావులు నా వైపు ఉండాలిగా."

"నీ వైపెందుకయ్యా? ఎత్తు తెల్లవాళ్ళది. పేపర్లో వాళ్ళనే కింద వేస్తారు. వదినకి రోజూ ఇలాగే చదువుతున్నావా? పాపం, బోర్డంతా ఆవిడ బుర్రలో తిప్పుకుంటోందన్నమాట!"

"ఇవాళ సరిగ్గా చదువుతాలే," అన్నాడు మేస్త్రి. పెళ్ళయిన కొత్తలో ఆమెకు తెల్లపావులు వదిలేశాడు. తర్వాత ఇద్దరూ వైపులు మార్చుకోలేదు. తలలో గడ్డ పెరిగి ఆమె చూపు పోయాక బోర్డు అటకెక్కింది. అతను తనకు దగ్గరున్న వరస నుంచి ఒక్కో గడీ చదువుతాడు, ఆమె జవాబు చెబుతుంది. గడ్డ చూపుతో ఆగదనీ, తెలివిని కూడా తీసుకుపోతుందనీ డాక్టరు చెప్పాడు. "నాకు ఎత్తు తోచని రోజున నన్ను లెక్కలోంచి తీసెయ్యండి," అంటుంది ఆమె. ఇంతవరకు ఆ రోజు రాలేదు.

మధ్యాహ్నం మంచం పక్కన కూర్చుని, పేపరు సరిగ్గా పట్టుకుని, తెల్లవైపు నుంచి చదివాడు. ఇన్నాళ్ళూ తిప్పి చదివానని చెప్పడానికి నోరు రాలేదు. ఇకనుంచైనా ఆమెకు శ్రమ తగ్గితే చాలనుకున్నాడు.

చదవడం అయ్యాక దుప్పటి మీద ఆమె అరచెయ్యి వెల్లకిలా తిరిగింది. రోజూ తిరిగేదే. నొప్పనుకుని దుప్పటి సర్దాడు.

"మంత్రిని ఇచ్చెయ్యాలి," అంది. "మూలగడిలో పెట్టి చెక్ చెప్పాలి. రాజు కొట్టక తప్పదు. అప్పుడు గుర్రం దూకితే రాజూ, వాళ్ళ మంత్రీ ఒకేసారి దొరుకుతారు. మంత్రిని కొట్టి ఇంకోసారి దూకితే రాజూ, ఏనుగూ. కానీ..."

"ఊఁ?"

"మొదటి దూకుడే కుదరట్లేదండీ. ఆ గడికి నల్లబంటు కాపలా ఉంది. గుర్రాన్ని కొట్టేస్తుంది. మంత్రీ పోయె, గుర్రమూ పోయె. మీకేమైనా తోచిందా?"

"నాకెప్పుడు తోచింది గనక?"

"అయితే నా పని అయిపోయినట్టే."

"ఏం మాటలవి? సాయంత్రానికి తోస్తుందిలే."

మాత్రలు మింగించి, పక్కింటావిడను చూస్తుండమని చెప్పి పనికి వచ్చేశాడు.

షెడ్డులో పేపరు మళ్ళీ పరిచాడు. మంత్రి మూలకి. రాజు కొడతాడు. గుర్రం దూకుతుంది. ఆ గడి నల్లబంటుకు వెనక ఉంది. బంటు ముందుకే కొడుతుంది, వెనక్కి కొట్టలేదు. బోర్డును తిప్పితే మాత్రం అదే గడి బంటుకు ముందుకొస్తుంది.

దుప్పటి మీద తిరిగిన చెయ్యి గుర్తొచ్చింది. అలవాటు కొద్దీ ఈరోజు కూడా ఆమె బుర్రలో బోర్డును తిప్పుకుంది.

అతను లేచాడు.

"ఎక్కడికి?" అన్నాడు వెల్డర్.

"ఇంటికి. తప్పు చదివా."

"సరిగ్గా చదువుతానన్నావుగా!"

"సరిగ్గానే చదివా," అని సైకిలు తీశాడు.

పక్కింటావిడ గుమ్మంలోనే ఉంది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"జడ వేస్తున్నా అన్నయ్యా. తల నా మీదికి వాల్చింది. నిద్రపట్టిందేమో అనుకున్నా."

అతను మంచం పట్టె మీద కూర్చున్నాడు. ఆమె చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇంకా వెచ్చగానే ఉంది.

"నీకో మాట చెప్పమంది," అంది పక్కింటావిడ. "జవాబు దొరికిందని చెప్పమంది."

అతను తలెత్తాడు. "ఏ ఎత్తట?"

"అది చెప్పలేదు అన్నయ్యా. దొరికిందని మాత్రం చెప్పు, లేకపోతే ఆయన రాత్రి అన్నం తినరు అంది."

ఆమె చూసిన బోర్డు మీద జవాబు లేదు. అది అతనికి తెలుసు.

ఆమె చెవి దగ్గరికి వంగాడు. "నువ్వు చెప్పిందేనే," అన్నాడు. "మంత్రిని ఇచ్చెయ్యడమే. బంటు కొట్టదు. నేనే..."

పక్కింటావిడ బయటికి వెళ్ళి ఎవరినో పిలుస్తోంది. జడ సగం దాకా అల్లి ఉంది. కిటికీ గట్టు మీద దువ్వెన, దాని పళ్ళ మధ్య రెండు వెంట్రుకలు, పక్కన జడ చివర కట్టాల్సిన నల్ల రబ్బరు బ్యాండు.